సిగ్నల్ లేదు బిడ్డా

జూన్ 18, మంగళవారం

మా ఇంట్లో ఏ చప్పుడైనా చేసింది నేనే అయి ఉండాలి. దానికి సాక్ష్యం కూడా అక్కర్లేదు.

పొద్దున కారు స్టార్ట్ చేయగానే రేడియో ఒక్కసారిగా గర్జించింది. ఏదో నగల దుకాణం ప్రకటన. పక్క సీట్లో అంగన్‌వాడీ సంచి ఒళ్లో పెట్టుకున్న అమ్మ గుండె పట్టుకుంది. పక్కింటి గోపమ్మ సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి వచ్చింది.

"ఏందే ప్రేమమ్మా, పొద్దుగాల్నే బ్యాండు మేళం?"

"ఇగో, మా జ్యోతి. డిగ్రీ అయిపోయింది గని బుద్ధి రాలే. దీని రేడియో ఊరంత వినాలె," అంది అమ్మ. మెల్లగా కాదు, గోపమ్మ వాకిలి దాకా వినపడేలా.

నేను కాదన్నాను. నిన్న కారు ఆపేటప్పుడు వాల్యూమ్ పన్నెండులో పెట్టి దిగాను. ఇప్పుడు తెర మీద ముప్పై ఎనిమిది. ఈ కారులో నలభై కంటే పైకి లేదు. ఈ మాట చెప్తుంటే ఆనంద్ అన్న బైకు మీద కూర్చుని నవ్వాడు. "ఎప్పుడు సూడు చెవులల్ల ఏదో ఒకటి కుక్కుకుంటవు. నీ చెవులే ఖరాబైనయి."

బాపు మెట్ల మీద బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. నిన్న సాయంత్రం కార్లో కూర్చున్నది ఆయన ఒక్కడే. "నేనే పెట్టిన" అంటే అయిపోయేది. తల కూడా ఎత్తలేదు.

చేవెళ్ల దాకా రేడియో కట్టేసి నడిపాను. పూలు కొనే మా ఆఫీసులో రోజంతా రైతుల ఫోన్లు. సాయంత్రానికి నా గొంతు నాకే విసుగు. ఇంటికొచ్చి మాట్లాడకపోతే పొగరంటారు. మాట్లాడితే చప్పుడంటారు.

జూన్ 20

మళ్లీ ముప్పై ఎనిమిది. తగ్గించాను. ఎవరితోనూ ఏమీ అనలేదు.

జూన్ 23, ఆదివారం

చర్చి అయ్యాక శంకర్‌పల్లి వైపు ప్రొద్దుటూరులో బంధువుల ఇంటికి పోయాం. బాపు నడిపాడు, నేను పక్కన, అమ్మ వెనక. ఇరవై ఏళ్లుగా కాలేజీ బస్సు నడిపే మనిషి, ఈ చిన్న కారు ఆయన చేతిలో బొమ్మలాగా తిరుగుతుంది.

ఈ కారు కనకమామిడిలో ఫాంహౌస్ ఉన్న ఒక సార్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న రోజున బాపు ఫోనూ నా ఫోనూ దీనికి కలిపింది నేనే. వాల్యూమ్ మూడు రకాలని అప్పుడే చెప్పాను. రేడియోది వేరు, ఫోనుది వేరు, మ్యాప్‌లో దారి చెప్పే ఆమెది వేరు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి తగ్గదు. అమ్మ, అన్న వినలేదు. బాపు మాత్రం తెర వైపు వంగి, ఒక్కో బటనూ రెండుసార్లు నొక్కి చూసి నేర్చుకున్నాడు. పెద్దాయనకు కొత్త వస్తువు మీద ఎంత ముచ్చటో అనుకున్నాను.

శంకర్‌పల్లి రోడ్డు ఎక్కాక పెద్దత్త ఫోన్ చేసింది. బాపు స్టీరింగ్ మీది బటన్ నొక్కాడు. అత్త గొంతు కారంతా నిండిపోయింది.

"తమ్మీ, ఏడాది సంది ఫోన్ జేస్తే ప్రేమకు ఇస్తవు, పిల్లకు ఇస్తవు. నా మీద కోపమొచ్చిందనుకున్న."

"నీ మీద కోపమేందక్కా. పనిల ఉంటున్న."

దారి పొడుగునా మాట్లాడాడు. వాళ్ల చిన్ననాటి బర్రె గురించి, ఎవరో మేనమామ దొంగతనంగా కల్లు తాగి చర్చికి రావడం గురించి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఇంట్లో అయితే ఫోను మోగగానే "నువ్వు మాట్లాడు, నాకు పనున్నది" అని మా చేతిలో పెట్టే మనిషే.

"జర తగ్గియ్యయ్యా, చెవులల్ల పోట్లు వస్తున్నయి," అంది అమ్మ వెనక నుంచి. బాపు జవాబు చెప్పలేదు. నేను తగ్గించాను. ఆయన స్టీరింగ్ మీద వేలితో మళ్లీ పెంచాడు.

ఊరి దగ్గర దారి చెప్పే ఆమె కుడివైపు తిరగమంది. బాపు నేరుగా పోయాడు. తిరగాలి బాపు అని చెయ్యి చూపిస్తే, "నాకు తెల్వని ఊరా, గామె చెప్పాల్నా" అన్నాడు. అందరం నవ్వాం.

బాపుకు కారు బాగా నచ్చింది. అంతే.

జూన్ 26

నేను దుకాణానికి పోయి వచ్చేసరికి బాపు వాకిట్లో కార్లో కూర్చుని ఉన్నాడు, అద్దాలన్నీ మూసుకుని. లోపల రేడియోలో పాత పాటలు. వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. ముందుకు వచ్చి నిలబడితే గానీ చూడలేదు.

"ఎప్పుడొచ్చినవు బిడ్డా?"

అద్దాలు మూసి ఉన్నాయి గదా. ఎవరికైనా వినపడదు.

జూన్ 28

నేను పరీక్ష పెట్టలేదు. ఊరికే చేశాను.

బాపు కార్లో అత్తతో మాట్లాడుతుంటే పక్క సీట్లో కూర్చున్నాను. మాటల మధ్యలో ఫోను వాల్యూమ్ ఇరవైకి దించాను. నాకు అత్త మాట స్పష్టంగా వినపడుతూనే ఉంది. మోకాళ్ల నొప్పుల గురించి చెప్తోంది.

"హలో? హలో అక్కా? సిగ్నల్ లేదు," అని బాపు ఫోన్ పెట్టేశాడు.

తెర మీద సిగ్నల్ గీతలు నిండా ఉన్నాయి. మా మొయినాబాద్‌లో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే అని ఆయనే అన్నాడు. అవును బాపు అని నేనన్నాను.

జూలై 2

ఆఫీసుకు పోతుంటే ముందు బాపు బస్సు కనపడింది. సరదాకు హారన్ కొట్టాను. కొడుతూనే ఉన్నాను. పలకలేదు.

చేవెళ్ల రోడ్డు మీద బస్సు వెనక్కి తిప్పుకునే చోట ఆగి చూశాను. మిగతా బస్సుల క్లీనర్లు విజిల్ ఊదుతున్నారు. బాపు బస్సు క్లీనర్ మా మారయ్య తాత మాత్రం అరచేత్తో బస్సు రేకు మీద కొడుతున్నాడు. ఒక్క దెబ్బ కొడితే రావచ్చని. రెండు కొడితే ఆగమని. బాపు ఆ దెబ్బలకే నడుపుతున్నాడు.

"విజిల్ లేదా తాతా?"

"మీ బాపుకు విజిల్ పట్టదు బిడ్డా. రేకు మీద గొడితే సీటు దాక తెలుస్తది."

"తెలుస్తది అంటే?"

"తెలుస్తది అంటే తెలుస్తది. నీకు ఆఫీసు లేదా ఇయ్యాల?" అని మొహం తిప్పుకుని ఎక్కేశాడు.

బస్సు కదిలాక చూశాను. మారయ్య తాత డ్రైవర్ సీటు వెనక నిలబడి, ఎడమ చెయ్యి బాపు భుజం మీద వేసి ఉన్నాడు. ఒక లారీ దాటిపోబోతుంటే ఆ చెయ్యి భుజాన్ని నొక్కింది. బాపు పక్కకు జరిపాడు. ఎన్నేళ్లుగానో చూస్తున్న చెయ్యే అది. స్నేహం అనుకునేదాన్ని. స్నేహమే కావచ్చు.

జూలై 5

వాన. గులాబీలన్నీ తడిసి వచ్చాయి. రైతులు నా మీద అరిచారు. ఏమీ ఆలోచించలేదు.

జూలై 9

ఇంట్లో గోడలకు చెవులు. అందుకని కార్లోనే, అమ్మను దింపడానికి పోతూ అడిగాను.

"అమ్మా, బాపుకు వినవడ్తలేదు."

అమ్మ అద్దంలోంచి బయటికి చూసింది. "ఎవలు జెప్పిన్రు?"

కాదు అనలేదు. ఎవలు జెప్పిన్రు అంది.

"ఎప్పటి సంది?"

"పోయిన ఏడు ఎండకాలం సంది. అలారం మోగుతనే ఉంటది, లేవడు. నేనే తట్టి లేపుతున్న. పట్నంల చూపిచ్చినం. రెండు చెవులకు మిషన్లు పెట్టుకోవాలన్నడు డాక్టరు."

"మరి పెట్టుకోవాలె గద."

"పెట్టుకొని బస్సు ఎక్కితే పిల్లల తల్లిదండ్రులు ఊకుంటరా? ఇంకొక రెండేండ్లు. ఈ ఏడు నువ్వు పీజీల చేరి గట్టెక్కేదాక. ఇరవై ఏండ్ల సంది ఆయన బండి కింద కోడిపిల్ల గూడ పడలే. ప్రార్థన జేస్తనే ఉన్న."

"ప్రార్థన జేస్తే హారన్ వినవడ్తదా?"

"నీ నోరే నీకు దుష్మన్."

గేరు మార్చాను. అప్పుడు తట్టింది నాకు. గోపమ్మ కొడుకు పరమేష్ అన్న. బాపు కాలేజీలో బస్సులన్నీ చూసుకునేది ఆయనే. ఎవరికి ఏ బస్సు ఇవ్వాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఆయన చేతిలోనే ఉంది.

"అందుకేనా ఆ దినం గోపమ్మ ముంగట నన్ను అన్నవు?"

అంగన్‌వాడీ వచ్చింది. అమ్మ దిగి, తలుపు పట్టుకుని నిలబడింది. "మరేం జెయ్యమంటవే? కార్ల గంత సౌండు ఎవలిదంటే ఏం జెప్పాలె? నువ్వైతే ఏం పోతది. పిల్ల, పాటలు వింటది అనుకుంటరు."

తలుపు మెల్లగానే వేసింది.

నన్ను ఇంట్లో ఎవరికీ అర్థం కాదని ఇన్నాళ్లూ రాసుకున్నాను. తప్పు. బాగానే అర్థమయ్యాను. ఏ నింద వేసినా రెండు మాటలు గొణిగి ఊరుకుంటుందని లెక్క కట్టారు, లెక్క సరిపోయింది. అన్నకు కూడా తెలిసే ఉంటుంది. "నీ చెవులే ఖరాబైనయి" అన్నప్పటి ఆ నవ్వు తెలిసినవాడి నవ్వు.

నేను చేయగలిగింది ఏమీ లేదు. మారయ్య తాత ఉన్నాడు గదా. ఆయన చెయ్యి ఉంది.

జూలై 10

మారయ్య తాత ఉన్నాడు.

జూలై 14, ఆదివారం

మారయ్య తాత మొన్న బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక బస్సు ఎక్కలేడు. చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేశారు. బాపు కళ్లు మూసుకుని, అందరూ ఆమెన్ అన్నాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు. అమ్మ మోచేత్తో పొడిస్తే తెరిచాడు.

ఇంటికి కారు నడుపుతూ పక్కన బాపును అడిగాను, తాత బదులు ఇంకెవరిని ఇస్తారని. నా వైపు తిరిగి ఉన్నాడు కాబట్టి అందింది.

"ఎవలు వద్దట. బస్సు ఎనక కెమెరా పెట్టిన్రు. నా ముంగట టీవీ లెక్క చిన్న తెర. ఏదన్న అడ్డమొస్తె బీప్ బీప్ అంటదట. ఇగ క్లీనర్ ఎందుకన్నరు. తలుపు గూడ నా కాడ స్విచ్చితోనే."

"బీప్ అంటదా."

"అంటదట," అన్నాడు బాపు.

అమ్మ వెనక సీట్లో బైబిలు సంచిని సర్దుకుంటూనే ఉంది. కెమెరా ఉంది కదా, కళ్లు బాగానే ఉన్నాయి కదా. నేనూ అదే అనుకుని పడుకుంటాను.

జూలై 18, గురువారం

సాయంత్రం వాన జోరుగా ఉంది. చేవెళ్ల నుంచి వస్తుంటే కనకమామిడి దగ్గర బాపు బస్సు నా ముందే ఆగింది. ఒక అమ్మాయి దిగింది. రెండో కాలు నేల మీద పెట్టకముందే తలుపు మూసుకుంది. భుజం మీది పట్టీ తలుపులో ఇరుక్కుంది, బ్యాగు లోపలే ఉండిపోయింది. బస్సు కదిలింది.

ఆ అమ్మాయి బస్సుతో పాటు నడిచింది. తర్వాత పరిగెత్తింది. కిటికీల్లో పిల్లలందరూ నోళ్లు తెరిచి అరుస్తున్నారు, వానలో నాకే వినపడుతోంది. నేను హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు. బస్సు వేగం పెరుగుతూనే ఉంది. నెమ్మదిగా, జాగ్రత్తగా, బాపు ఎప్పుడూ పెంచేలాగే. అంత చక్కగా గేరు మార్చాడు.

రేకు మీద రెండు దెబ్బలు కొట్టేవాళ్లు లేరు.

పట్టీ తెగింది. అమ్మాయి బురదలో బోర్లా పడింది. వెనక చక్రం ఆమె చెప్పును తొక్కుకుంటూ పోయింది. చెప్పునే.

కారు ఆపి లేపాను. మోకాళ్లు కొట్టుకుపోయాయి, అరచెయ్యి చీరుకుపోయింది. పేరు మేఘ, సెకండియర్. వణుకుతూ కార్లో కూర్చుని ఒకటే మాట. "మా డ్రైవర్ అంకుల్ కు కోపం ఎక్కువక్కా. పిలిస్తే పలుకడు. గుడ్ మార్నింగ్ జెప్పినా సూడడు. ఎందుకో మేమంటే పడదు."

ఆయన నా బాపు అని చెప్పలేదు.

ఆమె ఫోను బ్యాగుతో పాటు బస్సుతో పోయింది. వాళ్లమ్మ నంబరు అడిగి నా ఫోనుతో కలిపాను. కారు ఫోను వాల్యూమ్ నలభైలో ఉంది, నిన్న బాపు అత్తతో మాట్లాడిన వాల్యూమ్. రింగు పిడుగులా పడింది. మేఘ రక్తం చేత్తోనే చెవులు మూసుకుంది.

"అక్కా, మీకు సరిగ వినవడదా?"

"అవును," అన్నాను.

దవాఖానలో అరచేతికి కుట్లు వేశారు. వాళ్లమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "దేవుని లెక్క వచ్చినవమ్మా," అంది. నేను చేతులు విడిపించుకుని వచ్చేశాను.

జూలై 19, శుక్రవారం

ఇంకా చీకటి పడలేదు. బాపు కార్లో కూర్చున్నాడు, అద్దాలు మూసుకుని. ఎదురుగా వరండాలో నేను. ఫోన్ చేశాను. ఆయన బటన్ నొక్కాడు.

"బాపు, నేను."

నా గొంతు కార్లోంచి ఒక క్షణం ఆలస్యంగా వాకిట్లోకి వచ్చింది, ఎవరో వెక్కిరిస్తున్నట్టు.

"ఇంట్ల ఉండి ఫోనేందే?"

"కార్లనైతేనే నా మాట వింటవు గద."

అద్దం వెనక బాపు మొహం మారింది. రెండు చేతులూ ఆగి ఉన్న కారు స్టీరింగ్ మీద పెట్టాడు.

"నిన్న కనకమామిడి కాడ నీ బస్సు దిగంగ ఒక పిల్ల పడ్డది. బ్యాగు తలుపుల ఇరికింది. బస్సంత మొత్తుకున్నది. నీ ఎనక నేనే ఉన్న, హారన్ కొట్టుకుంట. నువ్వు పోతనే ఉన్నవు."

"బ్యాగు దొరికింది. ఎవలో మర్చిపోయిన్రనుకొని ఆఫీసుల ఇచ్చిన," అన్నాడు. తర్వాత, "పిల్లకు ఎట్లున్నది?"

"చేతికి కుట్లు పడ్డయి. జరంత అయితే చక్రం కింద పడుతుండె."

"నేను సూడలే బిడ్డా."

"సూసుడు కాదు బాపు. వినలే."

బాపు అద్దాలు మూసి ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

"రేపు పొద్దున పరమేష్ అన్నకు నువ్వే చెప్పు. నేనొస్త నీ ఎంబడి. మిషన్లు పెట్టుకుందాం. గేటు కాడనో స్టోర్లనో ఏదన్న పని అడుగుదాం. నా పీజీ ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు. బస్సు మాత్రం తియ్యకు."

గోడ మీంచి గోపమ్మ తల లేచింది. "ఏందే జ్యోతి, కార్లకెళ్లి నీ గొంతే వస్తున్నది?"

అమ్మ గడపలోంచి అందుకుంది. "అది ఫోన్ మాట్లాడుతున్నది. గట్టిగ పెట్టుకుంటది, దాని అలవాటే గంత."

నేను బాపు వైపే చూస్తున్నాను. బాపు నా వైపు చూశాడు. మా ఇద్దరి మధ్య ఒక పూల కుండీ పట్టేంత జాగా కూడా లేదు... కాదు, కొంచెం ఎక్కువే. నా ఫోను మీద సిగ్నల్ గీతలు నిండా ఉన్నాయి.

"హలో?" అన్నాడు బాపు, నన్నే చూస్తూ. "హలో? సిగ్నల్ లేదు బిడ్డా."

బటన్ నొక్కాడు.

జూలై 20, శనివారం, పొద్దున

బాపు తెల్లవారకముందే బస్సుకు పోయాడు. "నిన్న చెప్పినవు గద, ఇంక ఇడిసిపెట్టు. ఆయనకు రోషం. ఆలోచిస్తున్నడు," అంది అమ్మ, నా టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. ఆలోచించే మనిషి బస్సు తీసుకుని పోయాడు.

కాలేజీకి దారి నాకు తెలుసు. అయినా మ్యాప్‌లో పెట్టుకున్నాను, మధ్యలో మనసు మారి చేవెళ్ల వైపు పోతే ఆమె అయినా వెనక్కి తిప్పుతుందని. మారింది కూడా. చౌరస్తా దాటి నేరుగా పోయాను. "యూ టర్న్ తీసుకోండి," అంది. మళ్లీ అంది. ఆమె వాల్యూమ్ కూడా బాపు పెట్టిందే, కారు అద్దాలు అదిరాయి. తగ్గించలేదు. తిప్పాను.

ఇప్పుడు పరమేష్ అన్న ఆఫీసు ముందు కార్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. గమ్యం చేరుకున్నారని ఆమె ఎంత గట్టిగా అరిచిందంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఇటు తిరిగాడు. పరమేష్ అన్న కిటికీలోంచి చూసి, రమ్మని చెయ్యి ఊపాడు. నా రేడియో సంగతి వాళ్లమ్మ చెప్పే ఉంటుంది.

లోపలికి పోతున్నాను. మా బాపుకు, డ్రైవర్ అబ్రహాముకు, రెండు చెవులూ వినపడవని, ఈ సాయంత్రం ఆయనకు బస్సు ఇవ్వొద్దని చెప్తాను. కార్లో రేడియో ఎవరిదో కూడా చెప్తాను. చెప్పింది నేనేనని బాపుకు నేనే చెప్తాను. కార్లో, నలభై మీద.